అటెన్‌బరో అయిదు సినిమాలు, ఒక్క ప్రొజెక్టరు: బరంపురం ప్రదర్శన సర్వీసుపై సమీక్ష

బరంపురంలో పెళ్ళిళ్ళకీ కాలేజీ ఫంక్షన్లకీ తెర, ప్రొజెక్టరు, మైకుసెట్టు అద్దెకిచ్చే షాపులకి కొదవ లేదు. వాటిలో ఒక షాపువాళ్ళు ‘సినిమా వారం’ పేరుతో ఒక ప్యాకేజీ నడుపుతున్నారు. ఒకే నటుడివో దర్శకుడివో అయిదు సినిమాలు, అయిదు సాయంత్రాలు. సామాను వాళ్ళదే, నడిపే మనిషీ వాళ్ళవాడే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా వ్యాను వేసుకుని వస్తారు. షాపు పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ వైపు ఈ పని చేసేవాళ్ళ దగ్గర సామాను అటూ ఇటూగా ఒకటే, పొరపాట్లూ అవే. ప్యాకేజీల్లో బాగా అడిగేది బ్రిటిష్ నటుడు, దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరోది. అందులో ‘గాంధీ’ ఉంది కాబట్టి సెప్టెంబరు వచ్చిందంటే స్కూళ్ళు, తెలుగు సంఘాలు, లైబ్రరీ కమిటీలు దానికోసమే ఫోన్లు చేస్తాయి.

ముందే తేల్చి చెప్పాలంటే, ఆయన నటించిన సినిమాలకి ఈ సర్వీసు ఇచ్చిన డబ్బుకి తగినట్టే ఉంది. ఆయన తీసిన సినిమాకి మాత్రం, దగ్గరుండి చేయించుకోకపోతే, దండగే. నటుడిగా అటెన్‌బరో పనంతా ముఖంలోనూ గొంతులోనూ ఉంటుంది. చిన్న తెర మీద, ఓ మాదిరి వెలుగులో కూడా అది నిలబడుతుంది. దర్శకుడిగా ఆయన బలం జనసమూహం, దూరం, వెడల్పు. పదడుగుల తెరకి, అద్దె ప్రొజెక్టరుకి సరిగ్గా అక్కడే ఇబ్బంది వస్తుంది.

సామాను సంగతి. ప్రొజెక్టరు ల్యాంపు రకం, 1080పీ, వెలుగు 3,500 ల్యూమెన్లని చీటీలో రాసిస్తారు. తెర పదడుగుల వెడల్పు, వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి 16:9, అంటే ఎత్తు అయిదడుగుల ఏడున్నర అంగుళాలు. రెండు బాక్సు స్పీకర్లు, చిన్న మిక్సరు, బ్లూరే ప్లేయరు, 600 వీఏ యూపీఎస్. లెన్సు తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరం అడుగుతుంది కాబట్టి ప్రొజెక్టరు తెరకి పదిహేను అడుగుల దూరంలో, హాలు మధ్యలోనే కూర్చుంటుంది. అక్కడ బల్ల కోసం రెండు వరసల కుర్చీలు ముందే ఖాళీగా ఉంచండి. అలా ఉంచకపోతే ఆపరేటరు బల్లని పక్కకి జరిపేసి, వంకరని కీస్టోన్ బటన్‌తో సరిచేస్తాడు. బొమ్మ చదరంగానే కనిపిస్తుంది గానీ, ప్రొజెక్టరు లోపల బొమ్మని తయారుచేసే చిప్పులో కొంత భాగం వాడకుండా వదిలేయడం వల్ల మొత్తం మీద మసక తేలుతుంది. కీస్టోన్ సున్నా దగ్గర పెట్టి, బల్లని కదిపి బొమ్మ సరిచేయమనండి. చివరి వరస తెరకి ముప్పై అయిదు అడుగులు దాటకూడదు. దాటితే సబ్‌టైటిల్సు చదవలేరు, పావుగంటలో కబుర్లు మొదలవుతాయి.

అయిదు సినిమాలు ఇవి: ‘బ్రైటన్ రాక్’, ‘ది గ్రేట్ ఎస్కేప్’, ‘10 రిల్లింగ్టన్ ప్లేస్’, ‘శత్రంజ్ కే ఖిలాడీ’, ‘గాంధీ’. ఎంపిక బాగుంది, ఎవరో తెలిసినవాళ్ళే చేశారు. 1923 ఆగస్టు 29న కేంబ్రిడ్జిలో పుట్టిన అటెన్‌బరో 1942లో ఒక యుద్ధం సినిమాలో భయపడి చోటు వదిలి పారిపోయే కుర్ర నావికుడిగా తెరమీదకొచ్చాడు. ఆ సినిమా టైటిల్సులో ఆయన పేరు కూడా వేయలేదు. అక్కడి నుంచి 2007 దాకా పన్నెండు సినిమాలకి దర్శకత్వం వహించాడు. మనవాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది మాత్రం ‘జురాసిక్ పార్క్’లో తెల్లగడ్డం, చేతికర్ర పట్టుకున్న తాతగానే. 1979 తర్వాత పద్నాలుగేళ్ళు ముఖానికి రంగు వేసుకోని మనిషిని ఆ సినిమా దర్శకుడు స్పీల్‌బర్గ్ మళ్ళీ లాక్కొచ్చాడు. ఆస్కార్‌లో స్పీల్‌బర్గ్ ‘ఈ.టీ.’ని ‘గాంధీ’ ఓడించిన పదేళ్ళకి జరిగిన ముచ్చట ఇది. పిల్లలున్న స్కూలయితే ‘రిల్లింగ్టన్ ప్లేస్’ తీసేసి ‘జురాసిక్ పార్క్’ పెట్టమని అడగండి, షాపువాళ్ళు ఒప్పుకుంటారు.

మొదటి రోజు ‘బ్రైటన్ రాక్’. తొంభై రెండు నిమిషాల నలుపు తెలుపు సినిమా, జాన్ బౌల్టింగ్ దర్శకుడు. అటెన్‌బరోది పింకీ అనే పదిహేడేళ్ళ రౌడీ వేషం. పాలబుగ్గల ముఖం, రెప్ప వేయని కళ్ళు, వేళ్ళ మధ్య తాడు ముడివేస్తూ విప్పుతూ ఉంటాడు. తాడు మెలి తిరిగిందంటే ఎవరికో మూడినట్టే. ఆ చేతులు చూడటానికే ఈ సినిమా వేసుకోవచ్చు.

చెడేది కూడా ఇక్కడే. పాత సినిమా బొమ్మ దాదాపు చతురస్రం, 1.37:1. పదడుగుల తెర మీద అది ఏడడుగుల ఎనిమిది అంగుళాల వెడల్పే వస్తుంది, రెండు వైపులా అడుగుకి పైగా నల్లగా మిగులుతుంది. తెర నిండకపోతే జనం గొణుగుతారని ఆపరేటరు ప్రొజెక్టరు మెనూలో ‘ఫుల్’ నొక్కేస్తాడు. బొమ్మ అడ్డంగా సాగుతుంది, పింకీ ముఖం పూరీలా ఉబ్బుతుంది, ఆ సన్నటి క్రూరత్వం కాస్తా హాస్యంలోకి దిగిపోతుంది. ప్రొజెక్టరు మెనూలో ‘ఆటో’ లేదా ‘నార్మల్’, ప్లేయరు మెనూలో టీవీ షేపు 16:9. ఈ రెండూ ఆట మొదలయ్యే ముందే చూసుకుంటే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. సరిగ్గా ఉందో లేదో తేలాలంటే తెరమీద గుండ్రటి వస్తువేదైనా, గడియారమో చక్రమో, కోడిగుడ్డులా కనిపిస్తోందా అని చూడండి.

ఇంకో హెచ్చరిక. ఈ సినిమా చివర్లో గ్రామఫోను రికార్డు ఒకే మాట దగ్గర ఇరుక్కుని మళ్ళీ మళ్ళీ అదే పలుకుతుంది. సినిమా ముగింపు మొత్తం దాని మీదే ఉంది. సినిమా చూడని ఆపరేటరు డిస్కు గీరుకుపోయిందనుకుని ముందుకి తోసేస్తే ఇంత సేపు చూసిందీ గంగలో కలిసినట్టే. రిమోటు పట్టుకున్న మనిషికి ముందే చెప్పి పెట్టండి.

‘గ్రేట్ ఎస్కేప్’ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నూట డెబ్బై రెండు నిమిషాలు, అందరూ స్టీవ్ మెక్వీన్ మోటారు సైకిలు కోసం చూస్తారు, జర్మన్ల యుద్ధఖైదీల శిబిరం నుంచి పారిపోయే సొరంగాల పథకం మొత్తం నడిపించే రోజర్ బార్ట్‌లెట్ అటెన్‌బరో. సొరంగం సీన్లు చీకట్లో ఉంటాయి కాబట్టి హాలు కిటికీలకి దుప్పట్లు కట్టించుకోండి. పిల్లలు కదలకుండా చూసేది ఈ అయిదింట్లో ఇదొక్కటే.

‘10 రిల్లింగ్టన్ ప్లేస్’ పెద్దవాళ్ళ సినిమా. లండన్‌లో జాన్ క్రిస్టీ అనే హంతకుడి నిజం కథ. అతను చేసిన నేరానికి అదే ఇంట్లో పైన అద్దెకుండే తిమోతీ ఎవాన్స్‌ని 1950లో ఉరితీశారు, అసలువాణ్ణి 1953లో, ఎవాన్స్‌కి క్షమాభిక్ష వచ్చింది 1966లో. బట్టతల, గుండ్రటి కళ్ళద్దాలు, టీ కప్పు అందించే మర్యాద. అటెన్‌బరో ఇందులో ఎక్కడా గొంతు పెంచడు. మాటలన్నీ గుసగుసలే. అందుకే ఇది ఈ సర్వీసు సౌండుకి అసలు పరీక్ష, షాపువాళ్ళు తేలికగా తప్పేదీ ఇందులోనే.

ప్లేయరు నుంచి హెచ్‌డీఎంఐ తీగ ప్రొజెక్టరుకి వెళ్తుంది, ప్రొజెక్టరు వెనక హెడ్‌ఫోను రంధ్రం నుంచి మిక్సరుకి. ఈ దారిలో రెండు ఆటంకాలు. ప్లేయరు ఆడియో ‘బిట్‌స్ట్రీమ్’లో ఉంటే, అంటే డాల్బీ శబ్దాన్ని విప్పకుండా ముడిగానే పంపుతుంటే, చాలా ప్రొజెక్టర్లు దాన్ని విప్పలేవు, బొమ్మ వస్తుంది గానీ చప్పుడు రాదు. ప్లేయరే విప్పి పంపే ‘పీసీఎం’కి మారిస్తే వస్తుంది. రెండోది, ‘గ్రేట్ ఎస్కేప్’, ‘గాంధీ’ లాంటి వాటి డిస్కులో 5.1 ట్రాకు (ఆరు స్పీకర్లకి విడివిడిగా శబ్దం ఉండేది) ఎంచుకుంటే మాటలు మధ్య చానెల్లో ఉంటాయి. రెండు స్పీకర్లకి దించేటప్పుడు సంగీతం మీదపడి మాట అడుగున పడిపోతుంది. డిస్కు మెనూలో స్టీరియో లేదా మోనో ట్రాకు ఉంటే అదే పెట్టండి. లేకపోతే ప్లేయర్లో ‘నైట్ మోడ్’, దాన్నే కొన్నిట్లో ‘డీఆర్‌సీ’ అంటారు, అది ఆన్ చేస్తే గుసగుస పైకొస్తుంది, కేకలు తగ్గుతాయి.

స్పీకర్లు ‘గుయ్’మంటూ ఉంటే ప్రొజెక్టరుకి ఒక గోడ ప్లగ్గు, మిక్సరుకి ఇంకో గోడ ప్లగ్గు పెట్టారన్నమాట. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదకి తెస్తే చాలావరకు పోతుంది. ఊళ్ళో జాతర మైకుసెట్టు ఉంది కదా, దాని గొట్టాలు వాడుకుందాం అనే కమిటీ సభ్యుడొకరు ప్రతిచోటా ఉంటారు. గొట్టంలోంచి లావు గొంతు రాదు. క్రిస్టీ మాటల్లో హల్లుల శబ్దమే మిగులుతుంది, అర్థం మిగలదు.

‘శత్రంజ్ కే ఖిలాడీ’ని జాబితాలో పెట్టినందుకు షాపువాళ్ళని మెచ్చుకోవాలి. 1977లో సత్యజిత్ రాయ్ తీసిన ఈ సినిమాలో అటెన్‌బరో జనరల్ ఔట్రామ్, అవధ్‌ని కుంపినీ మింగే పనికి వచ్చిన స్కాట్లండ్ యాస దొర. నవాబు రోజుకి ఎన్నిసార్లు నమాజు చేస్తాడు, ఏం రాస్తాడు అని కింది అధికారిని ఆరా తీస్తూ, కవిత్వం అనగానే ముఖం ముడుచుకునే సీను ఒక్కటి చాలు. తను చేస్తున్నది అన్యాయమని తెలిసీ చేసే మనిషి ఇబ్బంది ఆ కూర్చోవడంలోనే కనిపిస్తుంది. సగానికి పైగా ఉర్దూ, హిందూస్తానీ కాబట్టి ఒడియా, తెలుగు ప్రేక్షకులిద్దరికీ సబ్‌టైటిల్సు భారం తక్కువ. ఇందులో చదరంగం పిచ్చిలో పడిన సయీద్ జాఫ్రీయే మర్నాడు ‘గాంధీ’లో పటేల్‌గా వస్తాడు. ఈ రెండిటినీ పక్కపక్క రోజుల్లో పెట్టడం తెలివైన పని.

ఇక ‘గాంధీ’. నూట తొంభై ఒక్క నిమిషాలు. లండన్‌లోని భారత హైకమిషన్ ఉద్యోగి మోతీలాల్ కొఠారీ 1962లో అటెన్‌బరోకి ఈ ఆలోచన అందించాక తెరకెక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1952లో తాము నటించిన ‘మౌస్‌ట్రాప్’ నాటకం మొదలైనప్పుడు అటెన్‌బరో జీతంలో కొంతకి బదులు భార్య షీలా సిమ్‌తో కలిసి తీసుకున్న పదిశాతం లాభాల వాటాలో మిగిలినదాన్ని కూడా ఈ సినిమా కోసం అమ్ముకున్నాడు. ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి; అందులో కాస్ట్యూమ్స్‌ది కొల్హాపూర్‌లో పుట్టిన భాను అథయ్యాకి, మన దేశానికి మొదటి ఆస్కార్. కస్తూర్బాగా చేసిన రోహిణీ హట్టంగడిని చూడగానే మన ప్రేక్షకులు ‘సీతారామయ్యగారి మనవరాలు’లో బామ్మ అని గుర్తుపడతారు. హాలంతా ఒక్కసారి గుసగుసలు లేస్తాయి, ఆపకండి.

ఈ సినిమా ప్రదర్శనలో అందరూ చేసే తప్పు టైముది. మూడు లక్షల జనంతో తీసిన అంతిమయాత్ర సీను చివర్లో లేదు, మొదట్లో ఉంది. హత్య, వెంటనే శవయాత్ర, ఆ తర్వాతే 1893లో దక్షిణాఫ్రికా రైలు. 1981 జనవరి 31న, అసలు అంతిమయాత్ర జరిగి సరిగ్గా ముప్పై మూడేళ్ళయిన రోజున, ఢిల్లీలో పదకొండు కెమెరా బృందాలతో తీసి, రెండు నిమిషాలకి కాస్త పైన వచ్చేలా కుదించిన భాగమది. అక్టోబరు 2న ఇక్కడ సూర్యుడు అయిదున్నర దాటాక గుంకుతాడు, ఆరింటికీ ఆకాశంలో వెలుగుంటుంది. ‘ఆరింటికే మొదలుపెట్టేద్దాం, జనం వస్తూ ఉంటారు’ అన్నారంటే ఆ రెండు నిమిషాలూ పాలిపోయిన గోడలా కనిపిస్తాయి. కుర్చీలు లాగుతున్న చప్పుడు అదనం. ఆరుంబావుకి తలుపులు వేసి, అందరూ కూర్చున్నాకే వేయండి. పావుగంట విరామంతో కలిపి పదింటికి పావుగంట ముందు అయిపోతుంది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకి ఆఖరి బస్సు ఉండదు, ఆటోలు ముందే మాట్లాడి పెట్టాలి.

విరామం ఎక్కడ ఇవ్వాలో ఆపరేటరుకి వదిలేయకండి. జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత డయ్యర్ విచారణ సీను ఉంటుంది, డయ్యర్ వేషం వేసిన ఎడ్వర్డ్ ఫాక్స్ ముఖంలో చలనం లేకుండా జవాబులిస్తాడు. అది పూర్తయ్యాక ఆపండి. కాల్పుల మధ్యలోనో, అయిన వెంటనేనో దీపాలు వేస్తే ఆ బరువంతా సమోసాల క్యూలో పోతుంది.

వెడల్పు సంగతికొస్తే, ఇది 2.39:1 బొమ్మ. పదడుగుల తెర మీద ఎత్తు నాలుగడుగుల రెండంగుళాలే, పైనా కిందా కలిపి పావు వంతు తెర నల్లగా ఉంటుంది. ఇక్కడా ఆపరేటరు వేలు ‘జూమ్’ మీదకే పోతుంది. జూమ్ నొక్కితే నలుపు పోతుంది, దాంతోపాటు బొమ్మలో అటూ ఇటూ కలిపి పావు వంతూ పోతుంది. ధారాసన ఉప్పు కొఠారు దగ్గర వరస తర్వాత వరసగా మనుషులు లాఠీల కిందకి నడిచొచ్చే సీనులో పడిపోయినవాళ్ళని మోసుకెళ్ళే ఆడవాళ్ళు అంచుల్లో ఉంటారు. జూమ్ చేస్తే వాళ్ళు మాయం, కిందనున్న సబ్‌టైటిల్సు కూడా మాయం. హుమా ఉప్పు మళ్ళు చూస్తూ పెరిగిన గంజాం జిల్లా జనానికి ఈ సీను సగం చూపించడం అన్యాయం. షాపువాళ్ళ దగ్గర పద్నాలుగు అడుగుల తెర కూడా ఉంది, అదనపు డబ్బు అడుగుతారు. అయిదు రోజుల్లో ఈ ఒక్కరోజుకి అది తీసుకోండి. ప్రొజెక్టరు ఇరవై ఒక్క అడుగుల దూరానికి జరుగుతుంది, వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది, అందుకే చీకటి మరీ ముఖ్యం.

డిస్కు విషయంలో రాజీ పడొద్దు. షాపువాళ్ళు ముందుగా హార్డ్‌డిస్కులో ఉన్న ఫైలు వేస్తామంటారు. అది దొంగ కాపీ కావచ్చన్నది ఒక సంగతి, లెక్క కూడా కుదరదు. నూట తొంభై ఒక్క నిమిషాలని ఒక జీబీలో కుక్కితే సెకనుకి 0.7 మెగాబిట్లు. డీవీడీలో వీడియో 9.8 దాకా, బ్లూరేలో 40 దాకా వెళ్ళొచ్చు. ఇద్దరు మాట్లాడుకునే సీనులో తేడా అంతగా తెలియదు. వేల తలలు, రాలే పూలు, కదిలే జెండాలు ఒకేసారి వచ్చేసరికి ఆ ఫైలు చేతులెత్తేస్తుంది, జనం గళ్ళు గళ్ళుగా విడిపోతారు. బ్లూరే మీరే కొని ఇవ్వండి. కొనేటప్పుడు రీజియన్, అంటే ఆ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూడండి: మన దేశం బ్లూరేకి సీ, డీవీడీకి 5, బ్రిటన్‌వి బీ, 2, అమెరికావి ఏ, 1. షాపు ప్లేయరు మన రీజియన్‌కే తాళం వేసి ఉంది. 2020లో కొలంబియా క్లాసిక్స్ సెట్టులో వచ్చిన 4కే డిస్కుకి రీజియన్ గొడవ లేదు గానీ దాన్ని ఆడించే ప్లేయరు వీళ్ళ దగ్గర లేదు. డీవీడీయే దొరికితే, మన టీవీల పాల్ పద్ధతిది సినిమాకి మామూలుగా ఉండే 24కి బదులు సెకనుకి 25 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి సినిమా నూట ఎనభై మూడు నిమిషాలకే అయిపోతుంది. సీన్లు కోసేశారని షాపువాడితో గొడవకి దిగొద్దు. హిందీ డబ్బింగు కూడా ఉంది, అందులో గాంధీ గొంతు పంకజ్ కపూర్‌ది. మీరు కొనే డిస్కులో ఆ ట్రాకు ఉందో లేదో అట్ట వెనక చూసి తీసుకోండి, ఇంగ్లీషు సబ్‌టైటిల్సు చదవలేని పెద్దవాళ్ళకి అదే మేలు.

అద్దె కట్టినంత మాత్రాన సినిమా వేసే హక్కు వచ్చినట్టు కాదు, షాపువాళ్ళు ఆ సంగతి ఎత్తరు. విద్యాసంస్థలో విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందు సంస్థ కార్యక్రమంగా వేసుకోవడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. సంఘం హాల్లో ఊరందరికీ వేయాలంటే హక్కుదారు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, టిక్కెట్టు పెడితే మరీను.

కరెంటు. ల్యాంపు ప్రొజెక్టరు మధ్యలో ఆరిపోతే దీపం చల్లారేదాకా మళ్ళీ వెలగదు, అయిదు నిమిషాలైనా పోతాయి. యూపీఎస్ ఉన్నది జనరేటరు అందుకునేదాకా నెట్టుకురావడానికే. చిన్న పెట్రోలు జనరేటరు వేగం నిలకడగా ఉండక కొన్నిసార్లు యూపీఎస్ దాన్ని ఒప్పుకోదు, బ్యాటరీ మీదే నడిచి ఆరిపోతుంది. సామాను దించగానే మెయిను ఆపి ఒకసారి పరీక్ష చేయించండి. ఆపరేటర్లు ఈ ఒక్క పనికి బద్ధకిస్తారు గానీ, అడిగితే కాదనరు. మనుషులు మర్యాదస్తులే, టైముకి వస్తారు, తీగలు జనం నడిచే దారిలో టేపు వేసి అంటిస్తారు.

ధర బరంపురంలో ఆటకి 4,000, అయిదు కలిపి 17,500. బయట ఊళ్ళకి వ్యాను కిరాయి విడిగా, పెద్ద తెరకి ఆ రోజుకి 1,500 అదనం. సగం అడ్వాన్సు. చీటీ మీద ‘వాన పడితే అడ్వాన్సు వాపసు లేదు’ అని అచ్చేసి ఉంది, దాన్ని కొట్టేయించి ‘తేదీ మార్చుకోవచ్చు’ అని రాయించుకోండి. అక్టోబరు ఈ తీరానికి తుపాన్ల నెల: 2013లో ఫైలిన్ 12న, 2018లో తిత్లీ 11న వచ్చాయి. ఆరుబయట వేసేట్టయితే పద్నాలుగు అడుగుల తెర గాలికి తెరచాపలా లాగుతుంది. నాలుగు మూలలా తాళ్ళు, ఒక్కో కాలికి రెండేసి ఇసక బస్తాలు. బస్తాలు షాపువాళ్ళు తేరు, ఊళ్ళోనే నింపి ఉంచుకోవాలి.